మానవ భూగోళశాస్త్రం: మౌలిక భావనలు, పరిభాష

మనుషులు ఎక్కడెక్కడ స్థిరపడ్డారు, ఆ నేలను ఎలా వాడుకున్నారు, ఎలా మార్చారు, ఒక చోటి నుంచి మరో చోటికి జనం, సరుకు, డబ్బు, భాష, నమ్మకాలు ఎలా ప్రయాణించాయి అని పరిశీలించే శాస్త్రం మానవ భూగోళశాస్త్రం. కొండలు, నదులు, వాతావరణం, మృత్తికల సంగతి భౌతిక భూగోళశాస్త్రం చూసుకుంటుంది. ఈ రెంటి మధ్య గోడ లేదు. ఒక జిల్లాలో ఎంత వాన పడుతుందన్నది భౌతిక భూగోళానికి చెందిన ప్రశ్న. అంతే వాన పడే రెండు ఊళ్లలో ఒకచోట వరి, ఒకచోట వేరుశనగ ఎందుకు వేస్తున్నారన్నది మానవ భూగోళానికి చెందిన ప్రశ్న.

ఏ విషయాన్ని తీసుకున్నా ఈ శాస్త్రం వేసే ప్రశ్నలు రెండే: ఎక్కడ? అక్కడే ఎందుకు? మొదటిదానికి పటం జవాబు చెబుతుంది. రెండోదానికి జవాబు వెతికే క్రమంలోనే ఈ శాస్త్రపు పరిభాష దాదాపు అంతా పుట్టింది. ఆ పరిభాషలో ముఖ్యమైనవాటిని, వీలైనంత వరకు తెలుగు నేల ఉదాహరణలతో, ఈ వ్యాసం పరిచయం చేస్తుంది.

శాస్త్రం ఎదిగిన తీరు

దేశాలను, జనాలను వర్ణించే రచనలు ప్రాచీన గ్రీకుల కాలం నుంచీ ఉన్నాయి. విశ్వవిద్యాలయాల్లో బోధించే శాస్త్రంగా భూగోళం రూపుదిద్దుకున్నది మాత్రం 19వ శతాబ్దపు జర్మనీలో. అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ ప్రకృతి వైపు నుంచి, కార్ల్ రిట్టర్ మానవ చరిత్ర వైపు నుంచి దానికి పునాది వేశారు. మానవ విభాగానికి విడిగా ఒక చట్రాన్ని ఇచ్చినవాడు ఫ్రెడ్రిక్ రాట్జెల్. ఆయన 'ఆంత్రోపోజియోగ్రఫీ' తొలి సంపుటం 1882లో, మలి సంపుటం 1891లో వచ్చాయి. ఫ్రాన్స్‌లో పాల్ విడాల్ ద లా బ్లాష్ చిన్న చిన్న ప్రాంతాలను ఎంచుకుని అక్కడి జీవన సరళిని లోతుగా చదివే సంప్రదాయాన్ని నెలకొల్పాడు. అమెరికాలో కార్ల్ సావర్ 1925లో సాంస్కృతిక భూదృశ్యం అనే భావనను ముందుకు తెచ్చాడు.

1950ల నుంచి గణాంకాలు, గణిత నమూనాలు పైచేయి సాధించాయి. దీన్ని పరిమాణాత్మక విప్లవం అంటారు. 1970లలో దానికి రెండు వైపుల నుంచి విమర్శ వచ్చింది. మనిషికి చోటుతో ఉండే అనుబంధం లెక్కలకు అందదని యి-ఫు తువాన్ వంటివారు వాదించారు. నగరాల్లో పేదరికం ఎందుకు పేరుకుపోతుందో చెప్పలేని నమూనాలు ఎందుకని డేవిడ్ హార్వే 1973లో వచ్చిన 'సోషల్ జస్టిస్ అండ్ ది సిటీ'లో ప్రశ్నించాడు. తర్వాత స్త్రీవాద భూగోళవేత్తలు, వారిలో డొరీన్ మాసీ, ఒకే చోటు ఆడవాళ్లకూ మగవాళ్లకూ, ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఒకేలా ఉండదని చూపారు.

మనిషి, పరిసరాలు

ప్రకృతి మనిషిని ఎంతవరకు శాసిస్తుంది? ఈ శాస్త్రంలో అన్నిటికన్నా పాత వివాదం ఇదే. వాతావరణం, నేల, నైసర్గిక రూపాలే మనుషుల వృత్తులను, స్వభావాన్ని, నాగరికతను నిర్ణయిస్తాయనేది పరిసర నియతివాదం. రాట్జెల్ శిష్యురాలు ఎలెన్ చర్చిల్ సెంపుల్ 1911లో, ఎల్స్‌వర్త్ హంటింగ్టన్ 1915లో రాసిన పుస్తకాలు దీనికి ప్రసిద్ధ ఉదాహరణలు. ఉష్ణదేశాల ప్రజలు సహజంగానే సోమరులన్న తీర్పుల దాకా ఈ ధోరణి వెళ్లింది. వలస పాలనకు సమర్థనగా ఉపయోగపడింది. అందుకే తర్వాతి తరాలు దాన్ని తోసిపుచ్చాయి.

ప్రకృతి కొన్ని దారులు చూపుతుంది, వాటిలో ఏది పట్టుకోవాలో సమాజం తన సాంకేతికతను, అవసరాన్ని, అధికారాన్ని బట్టి తేల్చుకుంటుంది అనేది సంభవవాదం. విడాల్ ఆలోచనలను ఆధారం చేసుకుని చరిత్రకారుడు లూసియన్ ఫెవ్ర్ 1922లో దీనికి పేరు పెట్టాడు. ఈ రెంటికీ నడుమ గ్రిఫిత్ టేలర్ 'ఆగి సాగే నియతివాదం' ప్రతిపాదించాడు. కూడలిలో పోలీసు వాహనాల వేగాన్ని మార్చగలడు గానీ దారినే మార్చలేడని, ప్రకృతి విషయంలో మనిషి స్థితీ అంతేనని ఆయన పోలిక.

గోదావరి డెల్టా ఈ చర్చకు తగిన ఉదాహరణ. 1833లో గుంటూరు ప్రాంతాన్ని కరువు కబళించిన రోజుల్లో గోదావరి, కృష్ణ నీళ్లు ఏటా వృథాగా సముద్రంలో కలుస్తూనే ఉన్నాయి. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847–1852 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట, 1855 నాటికి విజయవాడ వద్ద కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాయి. నది మారలేదు, వర్షపాతం మారలేదు. కాలువలు వచ్చాయి, డెల్టా వరి భూమి అయింది. తెలంగాణలో కాకతీయులు డెల్టా లేని ఎగుడుదిగుడు నేలను గొలుసుకట్టు చెరువులతో సాగులోకి తెచ్చారు. పాకాల, రామప్ప, లక్నవరం వాటిలో పేరున్నవి. అనంతపురం దగ్గర మాత్రం ప్రకృతి విధించే హద్దు బలంగా కనిపిస్తుంది. వర్షచ్ఛాయలో ఉన్న ఆ జిల్లాకు ఏటా పడేది 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. అయినా అక్కడ ఒకప్పుడు కొర్రలు, సజ్జలు ఎక్కువగా పండి, తర్వాత వేరుశనగ కమ్ముకోవడం వెనుక ఉన్నవి వాన లెక్కలు కావు, నూనెగింజల మార్కెట్టూ ప్రభుత్వ విధానాలూ.

స్థానం, చోటు, దూరం

అక్షాంశ రేఖాంశాలతో చెప్పేది నిరపేక్ష స్థానం. ఇతర ఊళ్లు, దారులు, మార్కెట్లతో పోల్చి చెప్పేది సాపేక్ష స్థానం. ఊరు వెలసిన నేల సొంత లక్షణాలు, అంటే నీరు, ఎత్తు, రక్షణ, రేవు, దాని నెలవు. విశాఖపట్నానికి డాల్ఫిన్స్ నోస్ కొండ గాలుల నుంచి, అలల నుంచి కాపు కాసే నెలవు ఇచ్చింది. 1933లో మొదలైన రేవును పెద్దది చేసింది మాత్రం దాని సాపేక్ష స్థానం. బైలడిల్లా ఇనుప ఖనిజం, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సరుకులు దిగే మార్గం అదే. ఇలా ఒక రేవుకు సరుకు అందించే, దాని నుంచి సరుకు తీసుకునే లోతట్టు భూభాగాన్ని పృష్ఠభూమి అంటారు. నెలవు పాడైతే స్థానమూ పోతుంది. ఒకప్పుడు ఓడలు కట్టిన కోరంగి 1839 నవంబరు తుపానుకు ధ్వంసమైంది. ఒండ్రు పేరుకుని రేవు పూడింది. వ్యాపారం కాకినాడకు తరలింది.

దగ్గరివాటి మధ్య సంబంధం దూరపువాటి మధ్య కన్నా గట్టిగా ఉంటుందని వాల్డో టోబ్లర్ 1970లో సూత్రీకరించాడు. దాన్ని భూగోళశాస్త్రపు మొదటి నియమం అంటారు. దూరం పెరిగేకొద్దీ రాకపోకలు, సంబంధాలు పలచబడటం దూర క్షీణత. సంతకు వచ్చే జనం, పెళ్లి సంబంధాలు, స్థానిక పత్రికల అమ్మకం, అన్నిటిలోనూ ఇది కనిపిస్తుంది. అయితే దూరాన్ని కిలోమీటర్లలోనే కొలవలేం. పట్టే సమయం, అయ్యే ఖర్చు కూడా దూరానికి కొలతలే. హైదరాబాద్–విజయవాడ మధ్య ఉన్న సుమారు 275 కిలోమీటర్లు కారులో కొన్ని గంటల పని. పాడేరు మన్యంలో రోడ్డు లేని గూడెం నుంచి నిండు గర్భిణిని డోలీలో మోసుకెళ్లేవారికి పది కిలోమీటర్లే అంత సమయం తీసుకుంటుంది. రవాణా, సమాచార సాధనాలతో దూరం కుంచించుకుపోవడాన్ని హార్వే స్థలకాలాల కుదింపు అన్నాడు. ఆ కుదింపు అందరికీ సమంగా అందదన్నది మాసీ చేసిన సవరణ.

స్థలం అంటే కొలవదగిన విస్తీర్ణం, చోటు అంటే అర్థాన్ని, జ్ఞాపకాన్ని సంతరించుకున్న స్థలం అని తువాన్ తేడా చూపాడు. ఎక్కడ చూసినా ఒకేలా ఉండే మాల్స్, విమానాశ్రయాల వంటివి చోటుతనాన్ని కోల్పోతున్నాయని ఎడ్వర్డ్ రెల్ఫ్ 1976లో రాశాడు.

ప్రాంతం, స్కేలు

ఏదో ఒక లక్షణం పంచుకునే భూభాగాన్ని ప్రాంతం అంటారు. ఇవి మూడు రకాలు. ఒకే లక్షణం అంతటా పరుచుకుని ఉంటే అది రూప ప్రాంతం: కృష్ణా డెల్టా వరి భూమి, తెలుగు మాతృభాషగా ఉన్న భూభాగం. ఒక కేంద్రం చుట్టూ రాకపోకలతో అల్లుకున్నది కార్యాత్మక ప్రాంతం: ఒక డెయిరీకి పాలు పోసే ఊళ్లు, గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తెచ్చే గ్రామాలు. జనం మనసులో ఉండి, గీతలు స్పష్టంగా లేనిది భావనా ప్రాంతం: కోనసీమ, పల్నాడు, ఉత్తరాంధ్ర.

భావనా ప్రాంతాలు ఎలా తయారవుతాయో రాయలసీమ చూపుతుంది. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న ఈ భూములను దత్త మండలాలు అనేవారు. ఆ పేరులోని చిన్నచూపును తొలగించడానికి 1928లో నంద్యాల సభలో రాయలసీమ పేరును ముందుకు తెచ్చారు. ఆ తర్వాత రాజకీయ ఒప్పందాలు, నీటి పంచాయితీలు, సాహిత్యం కలిసి దానికి గట్టి ఉనికిని ఇచ్చాయి. పల్నాడు, కోనసీమ కథ ఇంకో అడుగు ముందుకేసింది. 2022 ఏప్రిల్ జిల్లాల పునర్వ్యవస్థీకరణలో జనం నోటి పేర్లే జిల్లాల పేర్లయ్యాయి.

స్కేలుకు రెండు అర్థాలున్నాయి. పటం మీది దూరానికీ నేల మీది దూరానికీ ఉన్న నిష్పత్తి ఒకటి. ఇందులో చిన్న భూభాగాన్ని వివరంగా చూపేదే పెద్ద స్కేలు పటం. ఒక విషయాన్ని ఊరు, జిల్లా, దేశం, ప్రపంచం అనే ఏ స్థాయిలో చూస్తున్నామన్నది రెండోది. స్థాయి మారితే చిత్రం మారిపోతుంది. జిల్లా సగటులో సంపన్నంగా కనిపించే చోట మండలాల వారీగా చూస్తే కరువు మండలాలు బయటపడతాయి.

జనాభా

మొత్తం జనాభాను విస్తీర్ణంతో భాగిస్తే వచ్చేది సామాన్య జనసాంద్రత. 2011 జనగణనలో భారతదేశ సాంద్రత చదరపు కిలోమీటరుకు 382. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో 170 ఉంటే హైదరాబాద్ జిల్లాలో 18 వేలు దాటింది. సాగుభూమితో భాగిస్తే వచ్చేది పోషక సాంద్రత. భూమి మీద ఒత్తిడిని ఇదే బాగా పట్టిస్తుంది. ఈజిప్టు విస్తీర్ణం 10 లక్షల చదరపు కిలోమీటర్లు. జనంలో అత్యధికులు నైలు లోయలో, డెల్టాలో ఇరుకుగా ఉంటారు. మొత్తం విస్తీర్ణంతో భాగించిన సాంద్రత ఈ ఇరుకును దాచేస్తుంది.

జనన మరణాలు రెండూ ఎక్కువగా ఉన్న దశ నుంచి రెండూ తగ్గిన దశకు సమాజాలు మారడాన్ని జనాభా పరివర్తన అంటారు. 1929లో వారెన్ థాంప్సన్, 1945లో ఫ్రాంక్ నోట్‌స్టీన్ దీన్ని వివరించారు. ముందు మరణాలు తగ్గుతాయి, జననాలు ఆలస్యంగా తగ్గుతాయి. ఆ మధ్యకాలంలోనే జనాభా ఉరుకుతుంది. ఒక స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలు పుడితే జనాభా తరం తర్వాత తరం నిలకడగా ఉంటుంది. దాన్ని భర్తీ స్థాయి అంటారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఈ రేటు దేశంలో 2.0, బిహార్‌లో 3.0, తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. జనాభా తగ్గించాలన్న కాలంలో పెట్టిన నిబంధనలు ఇప్పుడు తిరగబడుతున్నాయి. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులనే నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది.

వయసు, స్త్రీ పురుషుల విభజనను చూపే రేఖాచిత్రం జనాభా పిరమిడ్. పనిచేసే వయసువారి మీద ఆధారపడిన పిల్లలు, వృద్ధుల దామాషా ఆధారిత నిష్పత్తి. పనిచేసే వయసువారు ఎక్కువగా ఉండే కాలపు లాభం జనాభా ప్రయోజనం. తిండి కన్నా జనం వేగంగా పెరుగుతారని 1798లో థామస్ మాల్థస్ హెచ్చరిస్తే, జనం ఒత్తిడే వ్యవసాయంలో కొత్త పద్ధతులను తెస్తుందని 1965లో ఎస్టర్ బోసెరప్ వాదించింది.

వలస

బ్రిటిష్ జనగణన లెక్కలను తిరగేసి ఇ. జి. రావెన్‌స్టైన్ 1885, 1889లలో వలస సూత్రాలు రాశాడు. ఎక్కువ వలసలు దగ్గరి దూరాలకే ఉంటాయి, జనం పల్లె నుంచి చిన్న పట్టణానికి, అక్కడి నుంచి నగరానికి మెట్లు మెట్లుగా కదులుతారు, ప్రతి వలసకూ ఎదురు వలస ఉంటుంది, దగ్గరి వలసల్లో స్త్రీలే ఎక్కువ అన్నవి వాటిలో ముఖ్యం. చివరి సూత్రం భారతదేశానికి అతికినట్టు సరిపోతుంది. జనగణనలో స్త్రీల వలసకు ప్రధాన కారణం పెళ్లే. 1966లో ఎవరెట్ లీ సొంతూరి నుంచి నెట్టే వికర్షక కారకాలు, కొత్త చోటికి లాగే ఆకర్షక కారకాలు, నడుమ వచ్చే అడ్డంకులు అని వలసను విశ్లేషించాడు.

తెలుగువారి చరిత్రలో వలసలోని దాదాపు అన్ని రకాలూ కనిపిస్తాయి. పంట పనులు లేని కాలంలో పాలమూరు కూలీలు ఆనకట్టలు, కాలువల పనులకు వెళ్లి తిరిగి రావడం రుతువలస. ఒప్పంద కూలీలుగా మారిషస్, ఫిజీ, దక్షిణాఫ్రికా, మలయాలకు వెళ్లిన 19వ శతాబ్దపు తెలుగువారిది చాలావరకు తిరుగు లేని వలస. మారిషస్‌లోనూ బర్మాలోనూ తెలుగువారికి కోరంగి రేవు పేరే గుర్తుగా మిగిలింది. నీరు వచ్చిన చోటికి రైతులు కదలడం మరో రకం. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక కోస్తా రైతులు బోధన్, వర్ని, బాన్సువాడ వైపు వచ్చి భూములు కొన్నారు. తుంగభద్ర జలాశయం తర్వాత కర్ణాటకలోని సింధనూరు, గంగావతి చుట్టూ వారు కట్టుకున్న ఊళ్లను నేటికీ క్యాంపులనే పిలుస్తారు.

ముందు వెళ్లినవాడు వెనకవాళ్లకు టికెట్టు, పని, గది చూపించడం గొలుసు వలస. కడప జిల్లా ఊళ్లకు కువైట్‌తో, కరీంనగర్, నిజామాబాద్ ఊళ్లకు దుబాయ్‌తో పడిన ముడి అలాంటిదే. తొలి మనిషికి దారి చూపింది 1973 తర్వాతి చమురు డబ్బు. మిగతావాళ్లకు దారి చూపింది బంధుత్వం. వలస వెళ్లినవారు పంపే సొమ్ము సొంతూళ్లలో ఇళ్లు, బడులు, భూముల ధరలను మార్చేస్తుంది. మరోవైపు ఆడవారి మీద సేద్యం భారం, వృద్ధుల ఒంటరితనం పెరుగుతాయి.

సంస్కృతి, వ్యాపనం

మనుషులు తరతరాలుగా నేల మీద వేసిన ముద్ర సాంస్కృతిక భూదృశ్యం. పొలం గట్లు, చెరువు కట్టలు, ఊరి నడుమ గుడి, ఊరి చివరకు నెట్టిన దళితవాడ అందులో భాగాలే. ఒక ఊరి పటం ఆ ఊరి కుల వ్యవస్థకు కూడా పటమే.

ఒక ఆవిష్కరణ, అలవాటు, పంట పుట్టిన చోటి నుంచి పాకడం వ్యాపనం. స్వీడన్ రైతులు కొత్త పద్ధతులను ఎలా అందుకున్నారో గమనించి టోర్‌స్టెన్ హేగర్‌స్ట్రాండ్ 1953లో దీనికి సిద్ధాంత రూపం ఇచ్చాడు. మనుషులే కదిలి తమతో తీసుకెళ్తే అది స్థానాంతర వ్యాపనం. మూడో శతాబ్ది నాటి నాగార్జునకొండ శాసనాల్లో సింహళ బౌద్ధుల విహారం ప్రస్తావన ఉండటం దీనికి సాక్ష్యం. పక్కవాడిని చూసి పక్కవాడు అందుకోవడం సంసర్గ వ్యాపనం. డెల్టాలో వరి పొలాలు ఒక్కొక్కటిగా చేపల, రొయ్యల చెరువులైన తీరు ఇదే. పెద్ద నగరం నుంచి చిన్న పట్టణాలకు దిగడం అంచెల వ్యాపనం. ఒకే కళలో ఇవి కలిసి రావచ్చు. కృష్ణా జిల్లా గ్రామమైన కూచిపూడి నుంచి నాట్యాచార్యులు మద్రాసు చేరారు. వెంపటి చినసత్యం 1963లో అక్కడ అకాడమీ స్థాపించారు. అక్కడి నుంచి శిష్యుల ద్వారా ఆ నాట్యం విదేశీ నగరాల దాకా పాకింది.

భాషను పటం మీద పెట్టడం సాంస్కృతిక భూగోళంలో ముఖ్య విభాగం. 2011 జనగణనలో 8.11 కోట్ల మంది తెలుగును మాతృభాషగా చెప్పారు. ఒక పదం వాడుక ఎక్కడ ఆగి మరొకటి మొదలవుతుందో చూపే గీతను మాండలిక రేఖ అంటారు. భద్రిరాజు కృష్ణమూర్తి ఊరూరా సేకరింపజేసిన వ్యవసాయ పదాలతో 1962లో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వెలువడింది. అలాంటి ఆధారాలతో తెలుగును ఉత్తర, దక్షిణ, తూర్పు, మధ్య మాండలికాలుగా గుర్తించారు.

వ్యవసాయం, పరిశ్రమల ఉనికి

మార్కెట్టుకు ఎంత దూరంలో ఏ పంట లాభదాయకమో 1826లో జర్మన్ భూస్వామి ఫాన్ థ్యూనెన్ లెక్కగట్టాడు. పాలు, కూరగాయల వంటి త్వరగా చెడిపోయేవి నగరం అంచున, ధాన్యం దూరాన, పశువుల మేత ఇంకా దూరాన వలయాలుగా ఏర్పడతాయని ఆయన నమూనా. శీతలీకరణ ఆ వలయాలను చెదరగొట్టింది. భీమవరం రొయ్య అమెరికా చేరుతోంది, అనంతపురం అరటి రైల్లో ముంబయి రేవుకు వెళ్తోంది. నగరం పక్కన ఇప్పుడు కూరగాయల కన్నా ఎక్కువ రాబడి ఇచ్చే పంట ప్లాటు.

పరిశ్రమ ఎక్కడ పెట్టాలన్నది రవాణా ఖర్చు, కూలి, ఒకేచోట గుమిగూడే లాభం తేలుస్తాయని 1909లో ఆల్ఫ్రెడ్ వెబర్ చెప్పాడు. తయారీలో బరువు తగ్గే ముడిసరుకైతే ఫ్యాక్టరీ దాని దగ్గరే ఉండాలి. చెరకు అలాంటిదే, పైగా నరికాక దానిలోని చక్కెర గంటగంటకూ తగ్గిపోతుంది కాబట్టి 1930లలో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నిజాంసాగర్ ఆయకట్టులోని బోధన్‌లో వెలిసింది. సున్నపురాయి ఉన్న హుజూర్‌నగర్, మాచర్ల, తాండూరు చుట్టూ సిమెంటు కర్మాగారాలు వచ్చాయి. సొంత గనులు లేని విశాఖ ఉక్కు కర్మాగారం రేవు ఆసరాతో నిలిచింది, కోకింగ్ బొగ్గు ఓడల్లో వస్తుంది. అయితే అది అక్కడికి రావడానికి వెబర్ లెక్క ఒక్కటే చాలలేదు, 1966 నాటి ప్రజా ఉద్యమమూ కావలసి వచ్చింది.

ఒకే రకం సంస్థలు ఒకచోట చేరి నిపుణులను, సరఫరాదారులను పంచుకోవడం సమూహీకరణ. 1961లో ఏర్పడిన ప్రభుత్వ రంగ ఐడీపీఎల్ హైదరాబాద్‌లో మందుల కర్మాగారం పెట్టింది. అక్కడ పని నేర్చినవారు సొంత కంపెనీలు పెట్టడంతో నగరం దేశంలోని ప్రధాన ఔషధ కేంద్రాల్లో ఒకటైంది.

ఊళ్లు, పట్టణాలు

ఇళ్లు ఒకచోట చేరి ఉంటే గుంపు నివాసం, పొలాల మధ్య విడివిడిగా ఉంటే చెదురు నివాసం, రోడ్డు లేదా కాలువ గట్టు వెంట సాగితే రేఖా నివాసం. భారత జనగణన చట్టబద్ధ పట్టణాలతో పాటు మరికొన్నిటిని పట్టణాలుగా లెక్కిస్తుంది. కనీసం 5,000 జనాభా, పురుష ప్రధాన శ్రామికుల్లో 75 శాతానికి వ్యవసాయేతర పని, చదరపు కిలోమీటరుకు 400 సాంద్రత ఉండాలి. ఈ లెక్కన 2011లో దేశంలో పట్టణ జనాభా 31 శాతం.

చుట్టుపక్కల ఊళ్లకు సరుకులు, సేవలు అందించే చోటును కేంద్ర స్థలం అంటారు. దక్షిణ జర్మనీని చూసి వాల్టర్ క్రిస్టాలర్ 1933లో ఈ సిద్ధాంతం రాశాడు. ఒక సేవ నిలబడటానికి కావలసిన కనీస గిరాకీ ఒకటి, దాని కోసం మనిషి ప్రయాణించడానికి సిద్ధపడే పరిధి ఒకటి. ఉప్పూ పప్పూ ఊళ్లోనే దొరుకుతాయి, ఎరువుల కోసం మండల కేంద్రానికి, గుండె ఆపరేషన్ కోసం నగరానికి వెళ్లాలి. 1985లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తాలూకాల స్థానంలో చిన్న మండలాలు ఏర్పరచి ప్రభుత్వ సేవలను పల్లెకు దగ్గర చేయడం ఈ తర్కానికి దగ్గరగా ఉన్న చర్య.

రెండో నగరం కన్నా ఎన్నో రెట్లు పెద్దదైన నగరాన్ని 1939లో మార్క్ జెఫర్సన్ అగ్రనగరం అన్నాడు. 2011లో హైదరాబాద్ నగర సముదాయంలో 77 లక్షల మంది ఉంటే, వరంగల్‌లో 8 లక్షల లోపే. తెలంగాణకు హైదరాబాద్ స్పష్టంగా అగ్రనగరం. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖ 17 లక్షలు, విజయవాడ 15 లక్షలకు దగ్గర. అక్కడ అగ్రనగరం లేదు. 2014 విభజన తర్వాత రాజధాని చర్చ అంత తీవ్రంగా నడవడం వెనుక ఈ తేడా కూడా ఉంది.

నగరం లోపలి అమరికకు మూడు నమూనాలున్నాయి. షికాగోను చూసి ఎర్నెస్ట్ బర్జెస్ 1925లో వలయాల నమూనా, 1939లో హోమర్ హోయ్ట్ రోడ్ల వెంట సాగే ఖండాల నమూనా, 1945లో హారిస్, ఉల్‌మన్ బహుకేంద్ర నమూనా ఇచ్చారు. 1591 నాటి చార్మినార్ చుట్టూ పాతనగరం, 1806లో రూపుకట్టిన సికింద్రాబాద్ దండు ప్రాంతం, 1998 తర్వాత సైబర్ టవర్స్ చుట్టూ పెరిగిన మాదాపూర్ కలిసిన హైదరాబాద్ మూడో నమూనాకే దగ్గర.

సరిహద్దులు, అధికారం

ఉమ్మడి గుర్తింపు ఉన్న జనసమూహం జాతి, నిర్ణీత భూభాగం మీద సార్వభౌమాధికారం ఉన్నది రాజ్యం. భాషా ప్రాంతాన్ని పాలనా ప్రాంతంగా మార్చాలన్న కోరిక 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంగా, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌గా ఫలించింది. భాష ఒక్కటే చాలదని 2014 జూన్ 2న ఏర్పడిన తెలంగాణ చూపింది. నిజాం రాజ్యానికీ బ్రిటిష్ జిల్లాలకూ మధ్య ఉన్న పాత గీత 1956లో పటం మీద చెరిగినా భూమి చట్టాల్లో, చదువుల్లో, ఉద్యోగాల్లో కొనసాగింది. భూగోళవేత్తలు ఇలాంటిదాన్ని అవశేష సరిహద్దు అంటారు.

సొంత పాలనా ప్రాంతం నుంచి విడిపోయి మరొక ప్రాంతం మధ్య చిక్కుకున్న భూభాగం పరివేష్టిత ప్రాంతం. గోదావరి డెల్టాలో ఉంటూ పుదుచ్చేరికి చెందిన యానాం అలాంటిదే, 1954 దాకా అది ఫ్రెంచివారి చేతిలో ఉన్న ఫలితమిది. భారత్, బంగ్లాదేశ్ 2015లో తమ మధ్య ఉన్న 162 ఇలాంటి ముక్కలను మార్చుకున్నాయి.

అసమాన అభివృద్ధి

ప్రపంచాన్ని కేంద్రం, అర్ధ అంచు, అంచు అని ఇమాన్యుయేల్ వాలర్‌స్టైన్ 1974లో విభజించాడు. కేంద్రం విలువైన సరుకు తయారుచేస్తుంది, అంచు ముడిసరుకు, చవక శ్రమ ఇస్తుంది. ఈ స్థానాలు శాశ్వతం కావు. డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు వచ్చిన మచిలీపట్నం నుంచి అద్దకం బట్టలు యూరప్ వెళ్లేవి. 19వ శతాబ్దానికి అదే తీరం పత్తి ఎగుమతి చేసి మిల్లు బట్ట దిగుమతి చేసుకునే స్థితికి దిగింది. ఆదాయం ఒక్కటే అభివృద్ధికి కొలత కాదని 1990లో వచ్చిన మానవాభివృద్ధి సూచిక ఆయుర్దాయాన్ని, చదువును కూడా లెక్కలోకి తెచ్చింది.

పద్ధతులు, పరిమితులు

1854లో లండన్ కలరా మరణాలను జాన్ స్నో పటం మీద గుర్తించి, అవి బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ ఉన్నాయని చూపాడు. పటాన్ని ఆలోచనా సాధనంగా వాడటానికి అది తొలి ఉదాహరణల్లో ఒకటి. నేడు జనగణన, క్షేత్ర పరిశీలన, ఉపగ్రహ చిత్రాలు, భౌగోళిక సమాచార వ్యవస్థలు ముఖ్య సాధనాలు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ సమాచారాన్ని అందిస్తోంది.

నమూనాలు చదునైన నేలను, లాభం తప్ప మరేమీ చూడని మనిషిని ఊహించుకుంటాయి. వాటికి కుదరని చోటే అసలు ప్రశ్న మొదలవుతుంది: ఇక్కడ ఏ కులం, ఏ చట్టం, ఏ ఉద్యమం లెక్కను మార్చింది? ప్రాంతపు సగటును అక్కడి ప్రతి మనిషికీ అంటగట్టడం సమూహ దోషం. గీతలు మార్చి గీస్తే అదే సమాచారం వేరే ఫలితం ఇవ్వడం హద్దుల సమస్య. తెలంగాణ జిల్లాలు 2016లో 10 నుంచి 31కి, 2019లో 33కి, ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 2022లో 13 నుంచి 26కి పెరిగాయి. ఊళ్లూ మనుషులూ ఉన్నచోటే ఉన్నా, కొత్త జిల్లాల అంకెలను 2011 నాటి పాత జిల్లాల అంకెలతో నేరుగా పోల్చడం కుదరదు. గ్రామాలు, మండలాల స్థాయి లెక్కలను కొత్త హద్దుల ప్రకారం మళ్లీ కూర్చుకున్న తర్వాతే ఏ జిల్లా ముందుకు సాగింది, ఏది వెనకబడింది అని చెప్పడం సాధ్యమవుతుంది.